వినపడని చెవిలో చెప్పిన మాట

జూన్ 4

వదినకి,

నేను ఫోన్ ఎత్తడం లేదని నువ్వు మూతి ముడుచుకున్నావట, అన్నయ్య కబురు పంపాడు. అలగకు. తలకి దెబ్బ తగిలినప్పటి నుంచి ఫోన్‌లో గొంతు వింటే పళ్ళ మీద రేకు గీసినట్టుంటోంది. తెర వెలుగు చూస్తే కడుపులో తిప్పుతోంది. డాక్టరమ్మ రెండూ మానేయమంది. కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి కాగితమూ కలమూ మిగిలాయి. పెళ్ళికి ముందు నువ్వు అన్నయ్యకి రాసిన ఉత్తరాలన్నీ నేనే ముందు విప్పి చదివేదాన్ని కదా, ఇప్పుడు నా ఉత్తరాలు ఆయనకి వినిపించి పగ తీర్చుకో.

జరిగింది వరసగా రాయమన్నావు. రోజూ ప్రమాదాల కేసులే చూసే లాయరువి, నీ మాట కాదంటానా?

ఆ సాయంత్రం ఆసుపత్రిలో చెవుల పరీక్షలకి జనం ఎక్కువ. హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నటి శబ్దాలు పంపి, "వినపడితే చెయ్యి ఎత్తండి" అని చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది. బస్సు ఎక్కే ఓపిక లేక యాప్‌లో కారు పిలిచాను. కారు వచ్చేసరికి వెనక సీటులో ఎడమ పక్క ఒకావిడ కూర్చుని ఉంది. నలుగురు పంచుకునే బండి పిలిచానేమో, చూసుకోలేదేమో అనుకున్నాను. ఆకుపచ్చ స్వెటరు, ఒళ్ళో మడిచి పెట్టుకున్న పని బట్టలు, చేతులకి ఫినాయిలు వాసన. నన్ను చూసి తల ఊపింది, ఇంకాస్త పక్కకి జరిగింది. డ్రైవరూ మాట్లాడలేదు, ఆవిడా మాట్లాడలేదు. నాకూ అదే హాయిగా ఉంది.

కూడలిలో మలుపు తిరుగుతుండగా సరుకుల వ్యాను ఎర్రలైటు దాటుకుని వచ్చి ఆవిడ ఉన్న వైపే గుద్దింది. నా తల విసురుగా వెళ్ళి సీటు కమ్మీకి కొట్టుకుంది. కారు ఒక పక్కకి ఒరిగిపోయి ఆగింది. ఏ చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దం పరీక్ష గదిలో కూడా ఉండదు.

అప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఎడమ చెవికి నోరు ఆనించి, "అమ్మాయ్, కళ్ళు మూయకు. వస్తున్నారు. నా మాట వింటూ ఉండు" అంది. ఎంతసేపు మాట్లాడిందో తెలియదు. ఆ గొంతు పట్టుకునే నేను ఇవతల ఉండిపోయాను. తలుపు కోసి నన్ను బయటికి తీసేటప్పుడు చూస్తే పక్క సీటు ఖాళీ.

భుజం ఎముక అతుక్కుంటుందట. ఎడమ చెవి మాత్రం పోయింది, చెవి వెనకాల ఎముక చిట్లి లోపలి నరం తెగిపోయిందట. చెవులు పరీక్షించే దానికే చెవి పోయింది చూడు, నవ్వొస్తే నవ్వుకో, నేనేమీ అనుకోను.

ఆవిడ ఎలా ఉందో ఎవరిని అడిగినా చెప్పడం లేదు. నువ్వు కనుక్కో.

ఒంటి చెవి చిట్టి

జూన్ 10

చిట్టికి,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను నవ్వలేదు.

పాత కోర్టు కాగితాల వెనక రాస్తున్నాను. ముందువైపు చదవకు, అవి పరాయివాళ్ళ గొడవలు.

మొదటి మాట. కంపెనీ నుంచి తేనె పూసిన గొంతుతో ఎవరైనా వస్తే "మా లాయరుతో మాట్లాడండి" అను. దేని మీదా సంతకం చెయ్యకు. నీ చిరిగిన బట్టలు ఉతకొద్దు, పారెయ్యొద్దు. ఫోన్‌లో ఆ ప్రయాణం వివరాలు ఉంటాయి, వాటి నకలు ఎవరిచేతనైనా తీయించు.

రెండోది. ఇలాంటి ప్రమాదంలో అడగడానికి మూడు గుమ్మాలు ఉంటాయి. గుద్దిన వ్యాను బీమా ఒకటి. నువ్వెక్కిన కారుకి డ్రైవరు కట్టుకున్న సొంత బీమా ఇంకొకటి. వాళ్ళు మాత్రం "సొంతానికన్నాడు, అద్దెకి తిప్పాడు, మాకు సంబంధం లేదు" అంటారు. మూడోది యాప్ కంపెనీ. "డ్రైవరు మా ఉద్యోగి కాదు, మేము ఇద్దరినీ కలిపేవాళ్ళం మాత్రమే" అన్నది వాళ్ళ పాత పాట. కానీ ప్రయాణికుడు కారులో ఉన్నంతసేపూ వాళ్ళు తీసుకున్న పెద్ద బీమా వర్తించి తీరాలి. నిన్ను ఆదుకునేది అదే. యాప్ పెట్టుకున్న రోజున చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కావు కదా, అందుకని ఇది కోర్టుకి పోదు, మధ్యవర్తి ముందుకు పోతుంది. అక్కడ నీ తరఫున నాతో చదువుకున్న పొట్టి లాయరు నిలబడతాడు. మనిషి పొట్టి గానీ నోరు పొడుగు.

ఇక ఆవిడ సంగతి. పోలీసుల రిపోర్టులో కారులో ఇద్దరే, నువ్వూ డ్రైవరూ. కంపెనీ లెక్కలోనూ అంతే, నువ్వు పిలిచింది ఒంటరి ప్రయాణమే. డ్రైవరు కూడా వాంగ్మూలంలో వెనక ఇంకెవరూ లేరని చెప్పాడు. తలకి దెబ్బ తగిలినప్పుడు జ్ఞాపకం చిరిగిన చోట తనకి తోచిన గుడ్డ వేసి కుట్టుకుంటుంది. మెదడు డాక్టరునీ మనసు డాక్టరునీ ఇద్దరినీ కలిసి రిపోర్టు తీసుకో, కేసుకి కావాలి.

మందులు మానకు.

వదిన

జూన్ 17

వదినా,

బాగుంది. నా చెయ్యి పట్టుకున్న మనిషి గుడ్డ పేలిక అయిపోయింది, నేను పిచ్చి డాక్టరు దగ్గరికి పోవాల్సినదాన్ని అయిపోయాను. ఇంట్లో అందరూ ఇదే అనుకుంటున్నారా, లేక నువ్వొక్కదానివేనా? అన్నయ్యని కూడా రాయమను, ఇద్దరి మాటా ఒకేసారి వింటాను.

కోపంలోనే ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఎలాగూ పిచ్చి ముద్ర పడింది.

నిన్న నన్ను మా ఆసుపత్రిలోనే పరీక్షించారు. నా జూనియరే నాకు హెడ్‌ఫోన్లు పెట్టింది. ఎన్నేళ్ళుగానో రోగుల్ని కూర్చోబెట్టిన గదిలో మొదటిసారి నేను కూర్చున్నాను. గోడలకి మెత్తలు, మందపాటి తలుపు, చిన్న అద్దం. అద్దానికవతల పాపం ఆ పిల్ల నా మొహం వంక చూడలేక మీటల వంకే చూస్తోంది. కుడి చెవి బాగుంది. ఎడమ చెవికి మార్చింది. ఏమీ లేదు. పెంచింది. ఏమీ లేదు. మీట చివరిదాకా తిప్పిందని ఆ పిల్ల భుజం కదలిక బట్టి నాకు తెలుసు. అయినా ఏమీ లేదు.

అప్పుడు ఎడమ చెవిలో ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"అమ్మాయ్, నేనూ ఉన్నానని చెప్పావా?"

నేను చెయ్యి ఎత్తేశాను. అలవాటు. జూనియరు తలుపు తెరుచుకుని వచ్చి, "వినపడిందా మేడమ్?" అంది సంతోషంగా. మీట చూపించమన్నాను. అప్పటికే ఆపేసి ఉంది వదినా. హెడ్‌ఫోన్లలోకి ఏ శబ్దమూ రావడం లేదు.

చెవి పోయినవాళ్ళకి లేని మోతలు వినిపిస్తాయి. రోజూ వాళ్ళకి నేనే చెబుతుంటాను, ఈల, హోరు, గంట అని. మాట మాత్రం ఎవరికీ వినపడలేదు. వినపడిందని ఎవరైనా అనగా కూడా నేనెప్పుడూ వినలేదు.

చిట్టి

జూన్ 26

చిట్టీ,

నువ్వు పిచ్చిదానివని నేను అనలేదు, అనుకోలేదు. మెదడుకి తగిలిన దెబ్బ పైకి కనపడదు, డాక్టర్ల రిపోర్టు లేకపోతే అవతలివాళ్ళు లేదనేస్తారు, అందుకని వెళ్ళమన్నాను. సగం చదివి సగం ఊహించుకోవడం మీ వంశం అలవాటు. మీ అన్నయ్యా అంతే.

ఈసారి మాత్రం మొత్తం చదువు. కూర్చుని చదువు.

ఆ డ్రైవరు మా ఊరు వచ్చేశాడని తెలిసింది. టైర్లు బాగుచేసే షాపు పైన చిన్న గదిలో ఉంటున్నాడు. నిన్న వెళ్ళాను. ముప్పై దాటి ఉండవు, మెడకి ఇంకా పట్టీ ఉంది. కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. ఎవరూ లేరండీ, ఎవరూ లేరండీ అని అదే పాట పాడాడు. సరే అని లేచి మెట్లు దిగుతూ, "ఆకుపచ్చ స్వెటరావిడ తన చెయ్యి పట్టుకుందని మా ఆడపడుచు అంటోంది, ఆవిడకి థాంక్స్ చెప్పాలట" అన్నాను. అతను మెట్టు మీదే కూలబడిపోయాడు.

ఆవిడ అతని అక్క. ఆఫీసుల్లో నేల తుడిచే పని. ఇంటిదారే కదా అని ఆ సాయంత్రం ఎక్కించుకున్నాడు. అంతలో నీ పిలుపు వచ్చింది. యాప్‌లో లేని మనిషిని ఎక్కించుకుంటే పని తీసేస్తారు. గుద్దాక అక్క బాగానే ఉన్నట్టు కనిపిస్తే, ముందు సీటు మీదుగా బయటికి లాగి, జనం చేరేలోపు ఇంటికి వెళ్ళిపొమ్మన్నాడు. నడిచి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున లేవలేదు. లోపల రక్తం కారిపోయి ఉంటుంది. మెట్ల మీద పడిందని అందరికీ చెప్పాడు. నర్సు చదువు చదువుతూ హాస్టల్లో ఉన్న కూతురికీ అదే చెప్పాడు.

అంటే నువ్వు పరీక్ష గదిలో కూర్చున్న రోజుకి ఆవిడ లేదు చిట్టీ. ఈ వాక్యం రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. నేను నమ్మేది నమ్మనిది పక్కన పెట్టు. నీ జ్ఞాపకం అబద్ధం కాదు, అంతవరకు చాలు.

ఇక కేసు. ఆవిడ కారులో ఉందని నువ్వు చెబితే, డ్రైవరు నియమం తప్పాడు కాబట్టి మా బీమా చెల్లదని కంపెనీ గోల చేస్తుంది. ఆలోచించుకో. నిర్ణయం ఏదైనా ఒక్క మాట విను. ఆవిడ నీతో మాట్లాడిందని మాత్రం ఎక్కడా ఎత్తకు. ఎందుకని అడగకు.

వదిన

జూలై 3

వదినా,

నీ ఉత్తరం రెండు రోజులు తలకింద పెట్టుకుని పడుకున్నాను. మంచి చెవి దిండుకి ఆనితే లోకం ఆగిపోతుంది. మధ్యాహ్నం అలా పడుకున్నప్పుడల్లా ఎడమ పక్క ఎవరో మాట మొదలుపెట్టబోతూ ఊపిరి పీల్చినట్టుంటుంది. మాట రాదు. నేను జవాబు చెప్పేదాకా మళ్ళీ అడగకూడదని ఊరుకుందేమో.

కంపెనీ తేనె గొంతు వచ్చింది. నువ్వన్నట్టే మర్యాద కారిపోతోంది. పెద్ద మొత్తమే ఇస్తామంటున్నారు. చెవికీ భుజానికీ పోయిన జీతానికీ అన్నిటికీ కలిపి. కాగితంలో అడుగున ఒక వాక్యం ఉంది, ప్రమాద సమయంలో వాహనంలో నేనూ డ్రైవరూ తప్ప వేరెవరూ లేరని ధ్రువీకరిస్తున్నాను అని. ఆ వాక్యం తీసేస్తే సంతకం పెడతానన్నాను. తేనె గొంతులో తేనె ఆగిపోయింది.

నువ్వు కూడా నన్ను నోరు మూసుకోమనే అంటున్నావు కదా. డబ్బు తీసుకుని హాయిగా ఉండు అని నీ ఉద్దేశం. పెద్దదానివి, నా మంచికే అంటావు. కానీ ఆ వ్యాను గుద్దింది ఆవిడ పక్క. ఆవిడ అక్కడ లేకపోతే ఆ సీటులో కూర్చునేది నేను. నేను సంతకం పెట్టను. పొట్టి లాయరుకి చెప్పేశాను.

చిట్టి

జూలై 9

చిట్టీ,

మళ్ళీ సగమే చదివావు. ఆవిడ ఉందని చెప్పవద్దని నేను అనలేదే! మాట్లాడిందని చెప్పవద్దన్నాను. రెండూ ఒకటి కాదు.

సంతకం పెట్టనందుకు మీ అన్నయ్య నిన్ను మెచ్చుకున్నాడు, నేను తిట్టాను, తరవాత ఇద్దరం కాఫీ తాగాం. కంపెనీ ఇస్తామన్నది వెనక్కి తీసుకుంటుంది, దానికి సిద్ధంగా ఉండు. ఆవిడ కూతురికి మాత్రం దారి ఉంది. యాప్‌లో ఉన్నా లేకపోయినా, రోడ్డు మీద పోయే మనిషయినా సరే, తప్పు వ్యానుది కాబట్టి దాని బీమా ఆ పిల్లకి పరిహారం ఇవ్వాలి. కానీ తల్లి ఆ కారులో ఉందని రుజువు కావాలి. డ్రైవరు భయంతో నోరు విప్పడు. పైగా కంపెనీ తన సాక్షిగా పిలుస్తోంది అతన్నే. మిగిలింది నువ్వు. ఆవిడ వివరాలు పొట్టి లాయరు అవతలివాళ్ళకి ఇవ్వాల్సి వచ్చింది, వాళ్ళూ ఆరా తీస్తారు.

నీకు దండం పెడతాను, చూశాను అను, చెయ్యి పట్టుకుంది అను, అక్కడ ఆపు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ టైర్ల షాపు మేడ దిగి వచ్చినప్పటి నుంచి వంటింట్లోకి మీ అన్నయ్యని తోడు రమ్మంటున్నాను. ఎవరికీ చెప్పకు.

వదిన

ఆగస్టు 21

వదినా,

నిన్ను తిడదామని కూర్చున్నాను. ముందు జరిగింది రాస్తాను.

విచారణ ఒక ఆఫీసు భవనంలో, ఏసీ హోరు తప్ప ఏమీ లేని గదిలో. మధ్యవర్తి ముసలాయన, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని వింటాడు. కంపెనీ లాయరు సన్నగా, నున్నగా ఉన్నాడు. గోడ వారగా డ్రైవరు, నేల చూపులు చూస్తూ. వెనక వరసలో ఒక అమ్మాయి. ఆవిడ కూతురని చెప్పారు.

"ఆవిడ ఉందని మీకెలా తెలుసు?" అన్నాడు కంపెనీ లాయరు.

"చూశాను. చెయ్యి పట్టుకుంది."

"కలలో కూడా చెయ్యి పట్టుకుంటారు. ఇంకేం చేసింది?"

పొట్టి లాయరు దగ్గాడు. నీ మాట గుర్తుంది వదినా. కానీ ఆవిడ ఆ కారులో ఉందని చెప్పడానికి వచ్చి, ఆవిడ చేసిన ఒక్క పనీ దాచడం నాకు చేతకాలేదు.

"మాట్లాడింది" అన్నాను.

"ఏ చెవిలో?"

"ఎడమ."

"మీరు చెవుల పరీక్షలు చేసేవారు. మీ ఎడమ చెవి ఎప్పుడు పోయింది?"

"గుద్దినప్పుడే."

అతను కంగారు లేకుండా ఒక పత్రం తీసి మధ్యవర్తి ముందు పెట్టాడు. ఆవిడ పుట్టు మూగ అని డాక్టర్లు ఇచ్చిన పత్రం. "అయ్యా, పలకలేని మనిషి వినపడని చెవిలో చెప్పిందన్నమాట" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

వెనక ఆ అమ్మాయి నవ్వలేదు. డ్రైవరు మొదటిసారి తల ఎత్తి నన్ను చూశాడు.

మధ్యవర్తి కళ్ళజోడు దించుకుని, "ఏం చెప్పిందమ్మా?" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

కళ్ళు మూయవద్దందని చెప్పాను. నీకు రాయనిది కూడా ఒకటి చెప్పాను. ఆ మాట నాకోసం అన్నది కాదనిపించి ఎవరికీ చెప్పలేదు. "మావాణ్ణి ఏమీ అనకండి. బెల్టు పెట్టుకోమని రెండుసార్లు సైగ చేశాడు. నేనే పెట్టుకోలేదు, నడుముకి నొక్కుతుందని" అంది.

డ్రైవరు లేచి నిలబడ్డాడు. కంపెనీ లాయరు కూర్చోమంటున్నా కూర్చోలేదు. "ఉందండీ. మా అక్క ఉంది. అద్దంలో చూసి సైగ చేశాను. ఈవిడ ఎక్కకముందు చేశానండీ, ఈవిడ చూడలేదు" అని ఆ అమ్మాయి వైపు తిరిగి మొహం కప్పుకున్నాడు. ఆ అమ్మాయి లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నీ సంగతి. నీకు ముందే తెలుసు! మూగదని తెలిసి, నాకు చెప్పకుండా, నన్ను ఆ నున్నటి మనిషి నోటి నుంచి వినేలా చేశావు. ఎందుకు వదినా?

చిట్టి

ఆగస్టు 27

చిట్టీ,

డ్రైవరు ఆ రోజే చెప్పాడు. నువ్వు అప్పటికే పరీక్ష గదిలో ఆవిడ మాట వినిపించిందని రాశావు. ఒంటరిగా నీ గదిలో కూర్చుని ఈ ముక్క చదివితే నీకేమవుతుందోనని భయపడ్డాను. చెవి ఎలాగూ పోయింది, నిద్రయినా మిగలనీ అనుకున్నాను. లాయరుగా అది తెలివితక్కువ పని, సాక్షికి చెప్పి ఉండాల్సింది. వదినగా మళ్ళీ అదే చేస్తాను. తిట్టుకో.

కానీ నువ్వు నోరు మూసుకుని ఉంటే అతను లేచేవాడు కాదు. నా సలహా వినకపోవడం నీకు ఈసారి కలిసొచ్చింది, దీన్ని అలవాటు చేసుకోకు.

వదిన

నవంబర్ 12

వదినా,

తీర్పు నిన్న వచ్చింది. నీకు పొట్టి లాయరు ఈపాటికి చెప్పే ఉంటాడు, అయినా నా నోటితో వినాలి నువ్వు. డ్రైవరు నియమం తప్పడం అతనికీ కంపెనీకీ మధ్య సంగతి, దాన్ని ప్రయాణికురాలి మీద రుద్దకూడదు అని రాశాడు ముసలాయన. నా పరిహారం కంపెనీ బీమా ఇవ్వాలి. ఆ పిల్లది వ్యాను బీమావాళ్ళు విచారణదాకా రాకుండానే ఒప్పుకున్నారట, డ్రైవరు వాంగ్మూలం చూసి. నేను విన్న మాటల గురించి తీర్పులో ఒకటే వాక్యం ఉంది, దాన్ని నమ్మాల్సిన అవసరమూ కాదనాల్సిన అవసరమూ తనకి కలగలేదని.

డ్రైవరుకి యాప్ పని పోయింది. ఏదో గోదాములో బండి తోలుతున్నాడు. నేను పరీక్ష గదికి మళ్ళీ వెళ్ళలేను. చిన్నపిల్లలకి చెవి మిషన్లు అమర్చే విభాగంలో వేశారు. మొదటిసారి శబ్దం విన్న పిల్లల మొహాలు చూస్తూ ఉంటే పొద్దు తెలియడం లేదు.

విచారణ రోజు నుంచీ నా ఎడమ పక్క ఊపిరి లేదు. పోయిందనే అనుకున్నాను. నిన్నటిదాకా.

తీర్పు కాగితాలు తీసుకుని వరండాలోకి వచ్చేసరికి డ్రైవరు నాకోసం నిలబడి ఉన్నాడు. మేనకోడలు అంత దూరాన, వరండా అవతలి చివర, కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. క్షమించమంటాడేమో, ఏమనాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. అతను అది అడగలేదు.

"మా అక్క గొంతు ఎలా ఉంటుందండీ?" అన్నాడు.

అతను మెల్లగా, "చిన్నప్పటి నుంచీ ఊహించుకునేవాణ్ణి. సన్నగా ఉంటుందనుకునేవాణ్ణి" అన్నాడు.

"సన్నగా కాదు. కాస్త బొంగురు, కింది స్థాయి. తొందర లేదు. మాట చివర కొంచెం గాలి ఎక్కువ, నవ్వబోతూ ఆపుకున్నట్టు" అన్నాను. అతను తల ఊపుతూ ఒక్కో మాటా వింటున్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

"ఒకసారి అని చూపిస్తారా? తమ్ముడూ అంటే ఎలా ఉండేదో."

పిచ్చి కోరికే. కానీ ఎలా కాదనను? ఆవిడ గొంతు గుర్తు చేసుకుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, అతను ఒక్కడికే వినపడేలా "తమ్ముడూ" అన్నాను.

నా గొంతు నాకు తెలుసు వదినా. నా బతుకంతా శబ్దాలు వినడమే. నా నోట్లోంచి వచ్చింది నా గొంతు కాదు.

అతను కళ్ళు మూసుకుని గోడకి ఆనుకున్నాడు. అంత దూరాన ఉన్న ఆ పిల్ల చటుక్కున వెనక్కి తిరిగింది. నన్ను చూడలేదు, వాళ్ళ మామయ్యనీ చూడలేదు. నా ఎడమ పక్కన, నా భుజం ఎత్తులో, చూసి నవ్వింది.

చిట్టి